యుద్ధం ఎవరి చేతిలో? – 5: అరవై రోజుల గడువు

1964 ఆగస్టు 7, శుక్రవారం. వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ నలభై నిమిషాల చర్చతో ఒక తీర్మానాన్ని ఆమోదించింది. అనుకూలంగా 416 ఓట్లు. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. అదే రోజు సెనేట్‌లో 88–2తో గట్టెక్కింది. మూడు రోజుల తర్వాత అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. ఆగ్నేయాసియాలో అమెరికా బలగాల మీద జరిగే దాడులను తిప్పికొట్టడానికి, మరింత దురాక్రమణ జరగకుండా ఆపడానికి అవసరమైన అన్ని చర్యలూ తీసుకునే అధికారం ఆ తీర్మానంతో ఆయన చేతికి వచ్చింది. అవసరమేదో తేల్చేది ఆయనే. ఎప్పటికి చాలో తేల్చేదీ ఆయనే.

ఆ నలభై నిమిషాల్లో ఇచ్చేసినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి అమెరికా కాంగ్రెస్‌కు తొమ్మిదేళ్లు పట్టింది. తెచ్చుకున్నది కూడా పూర్తిగా తెచ్చుకోలేదు. ఈ భాగం ఆ తొమ్మిదేళ్ల గురించి, ఆ తర్వాత జరిగినదాని గురించి.

గత భాగాలు చదవనివారి కోసం రెండు మాటలు. అమెరికా రాజ్యాంగం యుద్ధాన్ని రెండుగా విడదీసి రెండు చోట్ల పెట్టింది. యుద్ధం ప్రకటించడం, సైన్యాన్ని సమకూర్చడం, దానికి డబ్బు మంజూరు చేయడం కాంగ్రెస్ పని. ఆ సైన్యాన్ని నడిపించడం అధ్యక్షుడి పని. 1787 వేసవిలో ఫిలడెల్ఫియాలో కూర్చుని రాజ్యాంగం రాసినవాళ్లు, దేశం మీద ఎవరైనా హఠాత్తుగా విరుచుకుపడితే అధ్యక్షుడు కాంగ్రెస్ కోసం ఎదురుచూడకుండా తిప్పికొట్టవచ్చని మాత్రం ఒప్పుకున్నారు. మన రాజ్యాంగంలో యుద్ధానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం కావాలన్న నిబంధనే లేదు. 1987లో శ్రీలంకకు శాంతి సేన వెళ్లింది ప్రభుత్వ నిర్ణయంతోనే. అమెరికాలో నిబంధన ఉంది. ఉండి కూడా 1942 జూన్ తర్వాత అక్కడి కాంగ్రెస్ ఏ దేశం మీదా అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు. 1950లో అధ్యక్షుడు ట్రూమన్ కాంగ్రెస్‌ను అడగకుండానే కొరియాకు సైన్యాన్ని పంపి, అది యుద్ధం కాదు, పోలీసు చర్య అన్నారు. ఆ పోలీసు చర్యలో 36 వేలకు పైగా అమెరికన్ సైనికులు చనిపోయారు.

ఇక 1964 తీర్మానానికి కారణమైన టోంకిన్ సింధుశాఖ సంఘటన. ఆగస్టు 2న ఉత్తర వియత్నాం తీరానికి దగ్గరలో తిరుగుతున్న అమెరికా యుద్ధనౌక మాడాక్స్ మీదికి మూడు టార్పెడో పడవలు వచ్చాయి. టార్పెడోలు గురి తప్పాయి. నౌకకు తగిలింది ఒకే ఒక్క మెషిన్‌గన్ గుండు. ఇది నిజంగా జరిగింది. అంతకు రెండు రోజుల ముందు రాత్రి, అమెరికా ఏర్పాటు చేసిన రహస్య పథకం ప్రకారం దక్షిణ వియత్నాం కమాండోలు అదే తీరంలో హాన్ మే దీవి మీద దాడి చేసి వచ్చారు. ఆ సంగతి మాత్రం ప్రజలకు చెప్పలేదు.

ఆగస్టు 4 రాత్రి రెండో దాడి జరిగిందన్నారు. చీకటి, తుఫాను వాతావరణం, ఎగసిపడుతున్న అలలు. మాడాక్స్, దానికి తోడుగా వచ్చిన టర్నర్ జాయ్ రాడార్ మీద కనిపించిన చుక్కల మీదికి గంటల తరబడి కాల్పులు జరిపాయి. పైన విమానంలో జేమ్స్ స్టాక్‌డేల్ అనే నౌకాదళ పైలట్ అలల మీద అతి తక్కువ ఎత్తులో చక్కర్లు కొడుతూ శత్రువు పడవల కోసం వెతికారు. ఆయనకు కనిపించింది నల్లటి సముద్రం, తమ నౌకల తుపాకుల మెరుపులు. పడవ ఒక్కటి లేదు. ఆ రెండు నౌకలకూ ఆధిపత్యం వహిస్తున్న కెప్టెన్ జాన్ హెరిక్ కూడా కొద్ది గంటల్లోనే అనుమానం వెలిబుచ్చుతూ సందేశం పంపారు. వాతావరణం వల్ల రాడార్ తప్పు చూపించి ఉండొచ్చు, సోనార్ దగ్గర కూర్చున్న కుర్రాళ్లు ఆత్రపడి ఉండొచ్చు, ఇంకే చర్యా తీసుకోకముందు పూర్తిగా పరిశీలించండి అని దాని సారాంశం.

వాషింగ్టన్ ఆగలేదు. ఆ రాత్రి పదకొండున్నర దాటాక జాన్సన్ టెలివిజన్‌లో కనిపించి ప్రతీకార దాడులు మొదలయ్యాయని ప్రకటించారు. ఆ దాడుల్లో కూలిన విమానంలోంచి బయటపడ్డ ఎవరెట్ అల్వారెజ్ అనే యువ పైలట్ ఉత్తర వియత్నాం చేతికి చిక్కి ఎనిమిదేళ్లకు పైగా చెరలో ఉన్నారు. మరుసటి ఏడాది స్టాక్‌డేల్ కూడా పట్టుబడ్డారు. ఆ రాత్రి తాను ఏమీ చూడలేదన్న నిజం చిత్రహింసల్లో ఎక్కడ బయటపడుతుందోనని భయపడ్డానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఆగస్టు 4 దాడి అసలు జరగలేదని ఇప్పుడు చరిత్రకారుల్లో పెద్దగా వివాదం లేదు. ఆ రాత్రి దొరికిన సంకేతాలను దాడి జరిగిందనిపించేలా ఎలా ఏరికూర్చారో అమెరికా జాతీయ భద్రతా సంస్థ చరిత్రకారుడు రాబర్ట్ హాన్యాక్ రాసిన పరిశోధన 2005లో రహస్య పత్రాల జాబితా నుంచి బయటికొచ్చింది.

జరగని దాడి మీద తీర్మానం పుట్టిందన్నది తరచూ చెప్పుకునే మాటే. నాకు అంతకన్నా బాధ కలిగించేది సెనేట్‌లో జరిగిన చర్చ. ప్రశ్నలు వేసినవాళ్లు లేకపోలేదు. కెంటకీ సెనేటర్ జాన్ షెర్మన్ కూపర్ లేచి, రేపు అధ్యక్షుడు బలప్రయోగం చేసి అది యుద్ధానికి దారితీస్తే, ఆ అధికారం మనం ఇప్పుడే ఇచ్చేస్తున్నట్టు కాదా అని సూటిగా అడిగారు. తీర్మానాన్ని సభలో నడిపిస్తున్న విలియం ఫుల్‌బ్రైట్, తానూ అలాగే అర్థం చేసుకుంటున్నానని జవాబిచ్చారు. విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్, యుద్ధాన్ని విస్తరించే ఉద్దేశం మాకు లేదని ఒక సవరణ చేర్చుదామన్నారు. అధ్యక్షుడి విధానమూ అదేనని ఒప్పుకుంటూనే, ఆలస్యమవుతుందని ఫుల్‌బ్రైట్ వద్దన్నారు. అంటే ఏం ఇస్తున్నారో తెలిసే ఇచ్చారు. మోసపోయిన మాట నిజం, కానీ కళ్లు మూసుకున్న మాట కూడా నిజం.

ఫుల్‌బ్రైట్ పేరు మనవాళ్లకు కొత్త కాదు. మన విశ్వవిద్యాలయాల నుంచి ఎందరో అధ్యాపకులు, విద్యార్థులు అమెరికా వెళ్లడానికి దారి చూపిన ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ ఈయన పెట్టించినదే. అర్కాన్సాస్‌కు చెందిన డెమోక్రాట్, విదేశీ సంబంధాల సంఘం అధ్యక్షుడు, జాన్సన్‌కు పాత మిత్రుడు. నవంబరులో ఎన్నికలున్నాయి. ఎదురుగా నిలబడ్డ బారీ గోల్డ్‌వాటర్ అణ్వస్త్రాల గురించి తేలిగ్గా మాట్లాడే మనిషి. ఈ తీర్మానంతో జాన్సన్ గట్టివాడనిపించుకుంటే గోల్డ్‌వాటర్ నోరు మూతపడుతుంది, ఆ తర్వాత యుద్ధం అవసరమే రాదు అని ఫుల్‌బ్రైట్ నమ్మారు. దాన్ని జీవితాంతం తప్పుగా ఒప్పుకున్నారు.

వ్యతిరేకంగా ఓటేసిన ఇద్దరి పేర్లూ ఇక్కడ చెప్పి తీరాలి. ఒరెగాన్ సెనేటర్ వేన్ మోర్స్, అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. రాజ్యాంగం ప్రకారం మనం అప్పగించడానికి వీల్లేని అధికారాన్ని అప్పగిస్తున్నామని మోర్స్ గొంతు చించుకున్నారు. మాడాక్స్ లాగ్‌బుక్ తెప్పించి చూడమన్నారు, కమాండో దాడులకూ ఆ నౌకకూ ఉన్న సంబంధం తేల్చమన్నారు. సభలో ఆయన మాట వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1968లో ఇద్దరూ ఓడిపోయారు. గ్రూనింగ్‌కు సొంత పార్టీ ప్రాథమిక ఎన్నికల్లోనే టికెట్ దక్కలేదు.

1965 మార్చిలో దా నాంగ్ తీరంలో 3,500 మంది మెరీన్లు దిగారు. 1969 ఏప్రిల్ నాటికి వియత్నాంలో అమెరికా సైనికులు 5,43,000. మధ్యలో కాంగ్రెస్ మళ్లీ ఒక్కసారి కూడా ఈ యుద్ధం చేయాలా వద్దా అని ఓటు వేయలేదు. అడిగినవాళ్లకు ప్రభుత్వం టోంకిన్ తీర్మానం చూపించేది. 1967 ఆగస్టులో విదేశాంగ శాఖ ఉన్నతాధికారి నికొలాస్ కాట్జెన్‌బాక్ సెనేట్ సంఘం ముందుకు వచ్చి, ఆ తీర్మానం యుద్ధ ప్రకటనతో సమానమేనని చెప్పారు. ఎదురుగా కూర్చున్నది ఫుల్‌బ్రైటే.

అప్పటికే ఫుల్‌బ్రైట్ మారిపోయారు. 1965లో డొమినికన్ రిపబ్లిక్‌కు సైన్యాన్ని పంపడానికి జాన్సన్ చెప్పిన కారణాలు నిజం కావని తేలాక మిత్రుడితో తెగతెంపులు చేసుకున్నారు. 1966 ఫిబ్రవరిలో వియత్నాం మీద బహిరంగ విచారణలు మొదలుపెట్టారు. వాటిని టెలివిజన్ కెమెరాలు ఇంటింటికీ చేర్చాయి. సోవియట్ రష్యాను కట్టడి చేయాలన్న అమెరికా విధానానికి రూపశిల్పి అయిన జార్జ్ కెన్నన్, ఈ యుద్ధంలో మనం ఉండవలసిన అవసరం లేదని ఆ విచారణలో చెబుతుంటే, సీబీఎస్ టెలివిజన్ దాన్ని ప్రసారం చేయకుండా పాత హాస్య ధారావాహిక వేసింది. వార్తా విభాగం అధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ అందుకు నిరసనగా రాజీనామా ఇచ్చారు. రెండేళ్ల తర్వాత అదే సంఘం రక్షణ మంత్రి మెక్‌నమారాను పిలిపించి టోంకిన్ రాత్రి గురించి గుచ్చిగుచ్చి అడిగింది. తప్పు చేసిన చట్టసభ తన తప్పును తానే తవ్వి తీసిన సందర్భాలు చరిత్రలో తక్కువ. అందుకే ఫుల్‌బ్రైట్ మీద నాకు కోపమూ ఉంది, గౌరవమూ ఉంది.

1969లో నిక్సన్ అధ్యక్షుడిగా వచ్చారు. యుద్ధం ముగిస్తానని గెలిచినాయన, ఆ ఏడాది మార్చి 18న కంబోడియా మీద బాంబులు వేయించడం మొదలుపెట్టారు. కంబోడియా తటస్థ దేశం. దాని అడవుల్లో ఉత్తర వియత్నాం సైన్యం స్థావరాలు పెట్టుకుందన్నది కారణం. కాంగ్రెస్‌కు చెప్పలేదు. ఆప్తులైన ఏ కొద్దిమందికో చెవిలో చెప్పినా చట్టసభగా దానికి తెలియదు. పద్నాలుగు నెలల్లో బీ-52 విమానాలు 3,600 పైచిలుకు సార్లు వెళ్లి లక్ష టన్నులకు పైగా బాంబులు కురిపించాయి.

దీన్ని ఎలా దాచారో దగ్గర్నుంచి చూడాలి. సైగాన్ పక్కనే బియెన్ హోవాలో ఒక రాడార్ కేంద్రం. అక్కడ విధుల్లో ఉన్న మేజర్ హాల్ నైట్‌కు దాడి జరగబోయే రోజు ఒక కవరు అందేది. అందులో అసలు లక్ష్యాల కొలతలు. విమానం బయల్దేరేటప్పుడు సిబ్బందికి చెప్పే లక్ష్యం దక్షిణ వియత్నాంలో ఉంటుంది. గాల్లోకి లేచాక రాడార్ కేంద్రం ఇచ్చే సూచనలతో అది సరిహద్దు దాటి కంబోడియా మీదికి వెళుతుంది. దాడి ముగిశాక నైట్ ఆ కాగితాలన్నీ కాల్చేసి, దక్షిణ వియత్నాంలోనే బాంబులు పడ్డట్టు నివేదిక నింపేవారు. వాయుసేన సొంత రికార్డుల్లోనే అబద్ధం. 1973లో ఆయన సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్‌కు ఉత్తరం రాశారు. జులైలో సెనేట్ సంఘం ముందు నిలబడి తాను కాగితాలు కాల్చిన సంగతి చెప్పారు. నాలుగేళ్లు దాగిన యుద్ధం ఒక మాజీ మేజర్ సాక్ష్యంతో బట్టబయలైంది.

ఈలోగా 1970 ఏప్రిల్ 30న నిక్సన్ కంబోడియాలోకి నేరుగా సైన్యాన్నే పంపారు. నాలుగు రోజులకు ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నిరసన చేస్తున్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. సెనేట్‌లో కదలిక వచ్చింది. 1964లో ఆ ప్రశ్న వేసిన కూపరే, ఇడాహో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్‌తో కలిసి, కంబోడియాలో సైన్యానికి డబ్బు ఆపే సవరణ తెచ్చారు. 58–37తో సెనేట్ దాన్ని ఆమోదించింది. టోంకిన్ తీర్మానం రద్దు కూడా 1971 జనవరిలో చట్టమైంది. నిక్సన్ నిరభ్యంతరంగా సంతకం పెట్టారు. ఎందుకంటే ఆయనకు దానితో పనిలేదు. అక్కడున్న సైనికులను కాపాడుకునే అధికారం సర్వసైన్యాధిపతిగా తనకు ఎలాగూ ఉందని ఆయన వాదన. కాంగ్రెస్ ఇచ్చిన అనుమతి పత్రం కాంగ్రెస్సే చింపేసినా యుద్ధం ఆగలేదు.

1973 జనవరిలో పారిస్‌లో శాంతి ఒప్పందం కుదిరింది. అమెరికా సైనికులు వియత్నాం వదిలి వచ్చేశారు. ఇప్పుడు కాపాడుకోవడానికి సైనికులు కూడా లేరు. అయినా కంబోడియా మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. జూన్‌లో కాంగ్రెస్ బాంబు దాడులకు నిధులు ఆపే బిల్లు పంపితే నిక్సన్ వీటో చేశారు. చివరికి రాజీ కుదిరి, ఆగస్టు 15 వరకు గడువు పెట్టారు. అంటే ఇంకో ఆరు వారాలు బాంబులు వేసుకోవచ్చని చట్టసభే ఒప్పుకుంది.

బ్రూక్లిన్ నుంచి ప్రతినిధుల సభకు కొత్తగా ఎన్నికైన ఎలిజబెత్ హోల్ట్‌జ్‌మన్ దీన్ని ఒప్పుకోలేక కొందరు వాయుసేన అధికారులతో కలిసి కోర్టుకెక్కారు. జులై 25న జిల్లా న్యాయమూర్తి ఆరిన్ జడ్ ఈ దాడులు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చారు. పై కోర్టు ఆ తీర్పును నిలిపేసింది. సుప్రీంకోర్టుకు వేసవి సెలవులు. న్యాయమూర్తి విలియం డగ్లస్ వాషింగ్టన్ రాష్ట్రంలో గూస్ ప్రైరీ అనే కొండ పల్లెలో ఉంటే, న్యాయవాదులు అక్కడికే వెళ్లి ఆయన్ని పట్టుకున్నారు. మరణశిక్ష కేసులో ప్రాణం నిలబెట్టడానికి ఎలా ఆపుతామో ఇదీ అంతే, పోయే ప్రాణం అమెరికా పైలట్‌దో కంబోడియా రైతుదో తెలియదు గానీ ప్రాణం ప్రాణమే అన్న ధోరణిలో రాస్తూ, ఆగస్టు 4న ఆయన దాడులు ఆపమన్నారు. కొద్ది గంటలకే మిగతా న్యాయమూర్తులు ఫోన్లలో సంప్రదించుకుని దాన్ని తిప్పేశారు.

రెండు మూడు రోజుల్లోనే మెకాంగ్ నది ఒడ్డున నియాక్ లువాంగ్ అనే పట్టణం మీద ఒక బీ-52 పొరపాటున తన బాంబులన్నీ జార్చేసింది. ఆ పట్టణం శత్రువుది కాదు, అమెరికా కాపాడుతున్నానంటున్న ప్రభుత్వానిదే. దారి చూపే రేడియో బీకన్ ఊరి మధ్యలో ఉంది. దాని నుంచి లెక్కగట్టి అవతల బాంబులు వేయాలి. ఒక స్విచ్ తిప్పడం మరిచిపోతే బాంబులు బీకన్ మీదే పడ్డాయి. 137 మంది చనిపోయారు, 268 మంది గాయపడ్డారు. బాధ్యుడికి 700 డాలర్ల జరిమానా వేశారు. డగ్లస్ ఆదేశం నిలబడి ఉంటే ఆ విమానం లేచేదే కాదు.

యుద్ధ అధికారాల తీర్మానం ఈ వేసవి వేడిలో రూపుదిద్దుకుంది. దాన్ని మూడేళ్లుగా మోస్తున్నవాళ్లు ఇద్దరు. సెనేట్‌లో న్యూయార్క్ రిపబ్లికన్ జేకబ్ జావిట్స్, ప్రతినిధుల సభలో విస్కాన్సిన్ డెమోక్రాట్ క్లెమెంట్ జబ్లాకీ. వియత్నాం యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన మిసిసిపీ సెనేటర్ జాన్ స్టెనిస్ కూడా జావిట్స్‌తో చేతులు కలిపారు. యుద్ధం మంచిదైనా చెడ్డదైనా దాంట్లోకి దిగేముందు చట్టసభ ఓటు వేయాలన్నది ఆయన వాదన. జావిట్స్, స్టెనిస్‌ల సరసన మూడోవాడు మిస్సోరీ సెనేటర్ థామస్ ఈగిల్టన్. ఈ అధ్యాయంలో అందరికన్నా స్పష్టంగా చూసిన మనిషి ఈయనేనని నా అభిప్రాయం.

సెనేట్ బిల్లు ఒక గీత గీసింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షుడు సైన్యాన్ని దింపగలిగే సందర్భాలు ఫలానావి మాత్రమే: దేశం మీద దాడి, దేశ సైన్యం మీద దాడి, ఆపదలో చిక్కిన పౌరులను తప్పించడం. అప్పుడు కూడా ముప్పై రోజులే. ప్రతినిధుల సభ బిల్లులో అలాంటి గీతే లేదు. ఏ కారణంతోనైనా సైన్యాన్ని పంపి, 120 రోజుల్లో కాంగ్రెస్ ఒప్పుకోకపోతే వెనక్కి రావాలంది. రెండు సభల ప్రతినిధులు కూర్చుని ఒక మాటకు వచ్చేసరికి, సందర్భాల జాబితా చట్టం ముందుమాటలోకి వెళ్లిపోయింది. అక్కడుంటే దానికి ఎవరినీ కట్టేసే బలం లేదు. మిగిలింది గడువు. సైన్యాన్ని దింపిన 48 గంటల్లో అధ్యక్షుడు నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత 60 రోజుల్లో కాంగ్రెస్ అనుమతి రాకపోతే ఆపాలి. సైనికులను క్షేమంగా వెనక్కి తేవడానికి మరో 30 రోజులు తీసుకోవచ్చు. ఈలోగా ఎప్పుడైనా రెండు సభలూ కలిసి ఉమ్మడి తీర్మానం చేస్తే వెంటనే ఆపాలి, దానికి అధ్యక్షుడి సంతకం అక్కర్లేదు.

ఈగిల్టన్ తాను కన్న బిడ్డనే వద్దన్నారు. అధ్యక్షుడు తనంతట తాను యుద్ధం మొదలుపెట్టే అధికారం రాజ్యాంగంలో ఎక్కడా లేదు, ఇప్పుడు మనమే అరవై, తొంభై రోజుల యుద్ధాన్ని చట్టబద్ధంగా ఆయనకు రాసిస్తున్నాం అన్నారు. లావోస్‌లో గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన రహస్య యుద్ధాన్ని చూసి, సీఐఏ మనుషులను కూడా ఈ చట్టం కిందికి తెమ్మని ఆయన పెట్టిన సవరణను సెనేట్ తోసిపుచ్చింది. చివరి ఓటింగులో ఆయన వ్యతిరేకంగా ఓటేశారు.

1973 అక్టోబరు గురించి ఎంత చెప్పినా తక్కువే. 10న ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ లంచం ఆరోపణల మధ్య రాజీనామా. 20న, శనివారం రాత్రి, వాటర్‌గేట్ కుంభకోణాన్ని విచారిస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ను తొలగించమని నిక్సన్ ఆదేశిస్తే అటార్నీ జనరల్, ఆయన కింది అధికారి ఇద్దరూ ఆ పని చేయలేక పదవులు వదిలేశారు. 24న యుద్ధ అధికారాల తీర్మానాన్ని నిక్సన్ వీటో చేశారు. దాదాపు రెండు వందల ఏళ్లుగా అధ్యక్షులు వాడుతున్న అధికారాలను మామూలు చట్టంతో లాక్కోలేరన్నది ఆయన వాదన. పశ్చిమాసియాలో అరబ్-ఇజ్రాయెల్ యుద్ధం నడుస్తోంది. వీటో చేసిన ఆ రాత్రే, రష్యా సైన్యాన్ని పంపుతుందేమోనన్న భయంతో, ప్రపంచమంతటా అమెరికా బలగాలను అణు హెచ్చరిక స్థాయికి పెంచారు. ఆ నిర్ణయం తీసుకున్న సమావేశంలో విదేశాంగ మంత్రి కిసింజర్, రక్షణ మంత్రి, సైనిక అధిపతి ఉన్నారు. నిక్సన్ లేరు. ఎవరూ ఎన్నుకోని కొద్దిమంది ప్రపంచాన్ని అణుయుద్ధం అంచుకు తీసుకెళ్లగలిగారంటే, ఈగిల్టన్ భయం ఎంత నిజమో అర్థమవుతుంది.

నవంబరు 7న రెండు సభలూ వీటోను తోసిపుచ్చాయి. సెనేట్‌లో 75–18. ప్రతినిధుల సభలో 284–135, కావలసినదానికన్నా నాలుగు ఓట్లు ఎక్కువ. ముందు ఈ చట్టం చాలదంటూ వ్యతిరేకించిన ఉదారవాదుల్లో కొందరు, నిక్సన్‌ను ఓడించే అవకాశం వదులుకోలేక ఈసారి అనుకూలంగా వేశారు. సెనేట్‌లో ఈగిల్టన్ మాత్రం మారలేదు.

చట్టానికి మొదటి గట్టి పరీక్ష 1975 మేలో వచ్చింది. మాయాగెజ్ అనే అమెరికా సరుకు నౌకను, కంబోడియాను చేజిక్కించుకున్న కమ్యూనిస్టు దళం ఖ్మేర్ రూజ్ పట్టుకుంది. ఫోర్డ్ అధ్యక్షుడు. కాంగ్రెస్ నాయకులను పిలిచి మాట్లాడారు గానీ అప్పటికే ఆదేశాలు వెళ్లిపోయాయి. నౌక సిబ్బంది లేని కో తాంగ్ దీవి మీద మెరీన్లు దిగి భీకరంగా పోరాడారు. సిబ్బందిని ఖ్మేర్ రూజ్ వేరే చోటి నుంచి వదిలేసింది. థాయ్‌లాండ్‌లో కూలిన హెలికాప్టర్‌లో 23 మందితో కలిపి 41 మంది అమెరికన్లు చనిపోయారు. 48 గంటల నివేదిక కాంగ్రెస్‌కు చేరేసరికి అంతా అయిపోయింది. అరవై రోజుల గడువును మొదలుపెట్టే సెక్షన్‌ను పేరు పెట్టి పేర్కొన్న నివేదిక ఇప్పటివరకు అదొక్కటే. తర్వాతి అధ్యక్షులందరూ నివేదికలు పంపుతూనే ఉన్నారు, ఆ సెక్షన్ పేరు మాత్రం ఎత్తరు. సెక్షన్ పేరు లేకపోతే గడువు మొదలైందా లేదా అన్నదే వివాదం. అలా గడియారం తిరగకుండానే గ్రెనడా, సోమాలియా నడిచాయి. 1999లో కొసావో కోసం సెర్బియా మీద 78 రోజులు బాంబులు వేశారు. అరవయ్యో రోజు వచ్చింది, పోయింది.

ఇక ఉమ్మడి తీర్మానమనే ఆయుధం. దాని కథ ఒక భారతీయ సంతతి యువకుడితో ముడిపడింది. జగదీశ్ రాయ్ చడ్ఢా కెన్యాలో పుట్టారు. చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు. 1966లో చదువుకోవడానికి ఒహాయో వచ్చారు. 1972లో వీసా అయిపోయింది, వెనక్కి వెళ్లడానికి దేశం లేదు. ఇమ్మిగ్రేషన్ న్యాయాధికారి జాలిపడి దేశంలో ఉండనిచ్చారు. అప్పటి చట్టం ప్రకారం అలాంటి నిర్ణయాన్ని కాంగ్రెస్‌లో ఏ ఒక్క సభ అయినా రద్దు చేయవచ్చు. 1975 డిసెంబరులో ప్రతినిధుల సభ చర్చ లేకుండా, ఓట్లు లెక్కపెట్టకుండా ఆరుగురి విషయంలో ఆ పని చేసింది. ఆ ఆరుగురిలో ఈయనొకరు.

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1983 జూన్ 23న, 7–2 తీర్పుతో చడ్ఢా గెలిచారు. రెండు సభలూ ఆమోదించి అధ్యక్షుడి ముందుకు పంపని ఏ తీర్మానానికీ చట్టబలం లేదని కోర్టు చెప్పింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్, ఈ ఒక్క తీర్పు దెబ్బకు దాదాపు 200 చట్టాల్లోని నిబంధనలు కూలిపోతున్నాయని వాపోయారు. వాటిలో యుద్ధ అధికారాల తీర్మానమూ ఉంది. చడ్ఢాకు న్యాయం జరిగింది, జరగవలసిందే. ఆయన బహిష్కరణతో యుద్ధానికి ఏ సంబంధమూ లేకపోయినా, అధ్యక్షుడి సంతకం లేకుండా యుద్ధాన్ని ఆపగలిగే ఒకే ఒక్క మార్గం ఆ తీర్పుతో మూసుకుపోయింది.

లెక్క ఎలా తారుమారైందో చూడండి. 1787లో రాసుకున్న ప్రకారం, యుద్ధానికి వెళ్లాలంటే అధ్యక్షుడు రెండు సభల్లోనూ మెజారిటీ సంపాదించాలి. 1983 తర్వాత, అధ్యక్షుడు మొదలుపెట్టిన యుద్ధాన్ని ఆపాలంటే కాంగ్రెస్ రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మెజారిటీ సంపాదించాలి. ఎందుకంటే ఆపమని చేసే తీర్మానాన్ని ఆయన వీటో చేస్తారు. వంద మంది సెనేటర్లలో 34 మంది ఆయన పక్కన ఉంటే చాలు. ఇది ఊహ కాదు. యెమెన్‌లో సౌదీ యుద్ధానికి అమెరికా సాయం ఆపమని 2019లో సెనేట్ 54–46తో, ప్రతినిధుల సభ 247–175తో చెప్పాయి. ట్రంప్ వీటో చేశారు, సెనేట్‌లో దాన్ని తోసిపుచ్చడానికి 53 ఓట్లే పడ్డాయి. 2020లో ఇరాన్ మీద యుద్ధానికి దిగవద్దని సెనేట్ 55–45తో, ప్రతినిధుల సభ 227–186తో ఓటేశాయి. మళ్లీ వీటో. ఈసారి పడ్డవి 49.

తప్పు అధ్యక్షులదే అనడం తేలిక. జాన్సన్, నిక్సన్ అబద్ధాలు చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ 1964లో తెలిసీ అధికారాన్ని ఇచ్చింది కాంగ్రెస్. 1973లో కంబోడియాకు మరో ఆరు వారాల బాంబులు మంజూరు చేసింది కాంగ్రెస్. గీత గీయగలిగిన చోట గడువు చాలనుకున్నది కాంగ్రెస్. ఓటేస్తే బాధ్యత మీద పడుతుంది. ఓటేయకపోతే యుద్ధం బాగా జరిగితే మెచ్చుకోవచ్చు, చెడితే తిట్టవచ్చు. ఈ సౌకర్యాన్ని వదులుకోవడానికి సిద్ధపడనంతవరకు ఏ చట్టమూ ఆ సభకు దాని అధికారాన్ని తిరిగి ఇవ్వలేదు.

వచ్చే భాగంలో 2001 సెప్టెంబరు 14 గురించి చెబుతాను. రెండు దశాబ్దాల యుద్ధాలకు ఆధారమైన అరవై పదాల తీర్మానం ఆ రోజు ప్రతినిధుల సభలో 420–1తో నెగ్గింది. ఆ ఒక్క ఓటు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీది.